థీసిస్ మొదలుపెట్టే ముందు

చి॥ లహరికి,

ఎం.డి. ఫార్మకాలజీ థీసిస్‌కి ఎండోకానబినాయిడ్లూ (ఒంట్లోనే పుట్టే గంజాయిలాంటి పదార్థాలు), కార్టిసాలూ తీసుకుంటానన్నావు. ఉత్సాహం బాగా వినిపించింది, ప్రశ్న మాత్రం ఇంకా వినిపించలేదు. ఫోన్లో చెబితే మధ్యలో "తెలుసు పెదనాన్నా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

తెలిసిన దారే అయినా ఒకసారి నడువు. ఒత్తిడి తగిలితే హైపోథాలమస్ సి.ఆర్.హెచ్. వదులుతుంది. దాంతో పిట్యూటరీ నుంచి ఎ.సి.టి.హెచ్. వస్తుంది. అది రక్తంలో కలిసి, మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ చేయిస్తుంది. ఆ కార్టిసాలే మళ్లీ పైకి వెళ్లి పైవాళ్ల నోరు మూయిస్తుంది. ఎలా మూయిస్తుందంటే మాత్రం మన పాఠ్యపుస్తకాలు ఒక బాణం గుర్తు గీసి ఊరుకుంటాయి. నీ సబ్జెక్టు మొత్తం ఆ బాణంలోనే ఉంది.

మాకు చెప్పిన పాఠం ప్రకారం కార్టిసాల్ కణంలోకి దూరి జన్యువుల పనిని మారుస్తుంది. దానికి చాలా సమయం కావాలి. ఎ.సి.టి.హెచ్. మాత్రం నిమిషాల్లోనే తగ్గడం మొదలుపెడుతుంది. ఈ తొందరకి ఒక కారణాన్ని 2003లో న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ టాస్కర్ బృందం ఎలుక మెదడు ముక్కల్లో చూపించింది. కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ తగలగానే హైపోథాలమస్ న్యూరాన్ తన పొరలోని కొవ్వుతో అప్పటికప్పుడు ఎండోకానబినాయిడ్ తయారుచేసి, తనకి గ్లూటమేట్ పంపుతున్న నరం కొసకి ఎదురు పంపుతుంది. అక్కడి సి.బి.1 రిసెప్టర్‌ని అది తాకితే గ్లూటమేట్ రావడం తగ్గుతుంది. కింద చేను తడిసిన రైతు గట్టు వెంట పైకి నడిచి మడవ కట్టేసినట్టు. పని కాగానే ఎంజైములు దాన్ని విరిచేస్తాయి. అడ్రినల్‌లోనూ ఈ రిసెప్టర్లు ఉన్నాయి కానీ అసలు కథ నడిచేది పైనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎండోకానబినాయిడ్లలో ఆనందమైడ్ ఒకటి, 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలమ్ ప్రయోగశాలలో పంది మెదడులోంచి తీశారు. 2-ఎ.జి. రెండోది, 1995లో బయటపడింది. రెండూ ఒకేలా ప్రవర్తించవు. అమిగ్డలాలో ఒత్తిడి మొదలవగానే ఎఫ్.ఎ.ఎ.హెచ్. అనే ఎంజైము చురుకై ఆనందమైడ్‌ని తగ్గిస్తుంది, ఆందోళనకి దారి తెరుచుకుంటుంది. తర్వాత కార్టిసాల్ పెరిగాక 2-ఎ.జి. పెరిగి ఆ గోలని ముగిస్తుంది. కాబట్టి "ఒత్తిడిలో ఎండోకానబినాయిడ్లు పెరుగుతాయి" అన్న వాక్యం నీ సినాప్సిస్‌లో కనబడితే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. ఏది, ఎక్కడ, ఎన్నో నిమిషంలో?

ఈ మూడూ పట్టించుకోకుండా మందులు చేసినవాళ్లకి ఏమైందో ముందు చదువు. రిమోనాబాంట్ ఒళ్లంతా సి.బి.1 మూసేసే మందు. లావు తగ్గడానికని 2006లో యూరప్‌లో వచ్చింది. లావైతే తగ్గేది. కుంగుబాటూ, ఆత్మహత్య ఆలోచనలూ వెంట వచ్చాయి. 2008లో అమ్మకం ఆపేశారు, మరుసటి ఏడాది మన ప్రభుత్వమూ నిషేధించింది. ఎలుకల్లో సి.బి.1 మూస్తే, కార్టిసాల్‌కి బదులు వాటిలో ఉండే కార్టికోస్టెరోన్ పెరుగుతుందన్న సంగతి అప్పటికే తెలుసు. మెదడు మాట వినకుండా బరువు మాటే విన్నారని నా అభిప్రాయం.

ఇంకోవైపు, ఆనందమైడ్‌ని విరిచే ఎంజైమునే ఆపి చూద్దామన్నారు. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో బి.ఐ.ఎ. 10-2474 అనే అలాంటి మందు తీసుకున్న వాలంటీరు ఒకరు చనిపోయారు, మరికొందరి మెదడు దెబ్బతింది. ఆ మందు వేరే ఎంజైముల మీదా పడుతోందని తర్వాత తేలింది. అదే ఎంజైముని ఆపే ఇతర మందులు ఇంత చేటు చేయలేదు. కాబట్టి తలుపు మూసుకుపోయిందనుకోకు.

హాస్టల్లో ఎవరో ఒకరు "గంజాయి ఒత్తిడికి మందు కదా" అని నీ థీసిస్ పేరు చెప్పి నవ్వుతారు. గంజాయిలోని టి.హెచ్.సి. కొత్తవాళ్లలో కార్టిసాల్‌ని అప్పటికప్పుడు పెంచుతుంది. రోజూ తాగేవాళ్లలో ఒత్తిడికి కార్టిసాల్ లేవాల్సినంత లేవదు. అది నెమ్మది కాదు, మొద్దుబారడం. మన్యం నుంచి లారీల్లో పోతూ పట్టుబడిన సరుకు వార్తలు చదివేవాళ్లకి ఈ ముక్క కూడా ఎవరైనా రాస్తే బాగుండు.

ఇక పని సంగతి. మెడికోల్లో పరీక్ష ఒత్తిడి చూస్తానంటున్నావు, మంచిదే. కార్టిసాల్ నిద్ర లేచిన కాసేపటికి శిఖరానికి వెళ్లి అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఒకరిది ఏడింటికీ ఇంకొకరిది పదకొండింటికీ తీస్తే నువ్వు కొలిచేది గడియారాన్నే. నైట్ డ్యూటీ చేసినవాళ్లని వేరుగా పెట్టు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మొత్తం కార్టిసాల్ ఎక్కువ కనబడుతుంది, అందుకే లాలాజలం మేలు. మరొకటి, మన దగ్గర ప్రత్యేకంగా అడగాల్సింది: ఫెయిర్‌నెస్ క్రీములు. కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు, ఎక్కువకాలం రాస్తే అడ్రినల్ పని మందగించవచ్చు. "మందులేమైనా వాడుతున్నావా?" అంటే ఎవరూ క్రీము పేరు చెప్పరు. పేరు పెట్టి అడుగు.

ఆనందమైడ్ ఇంకా పెంకిది. ట్యూబులో పడ్డాక కూడా రక్తకణాలు దాన్ని వదులుతూనే ఉంటాయి. శాంపిల్ ఐసులో పెట్టి వెంటనే సెంట్రిఫ్యూజ్ చేయకపోతే నీ అంకెలు ల్యాబ్ అటెండరు టీ తాగి వచ్చిన సమయాన్ని చూపిస్తాయి. ఎలుకల మీద చేస్తే వాటికి కార్టిసాల్ కాదు, కార్టికోస్టెరోన్. నిశాచరాలు కాబట్టి దాని శిఖరం సాయంత్రం. బోను కదిపిన కొద్ది నిమిషాలకే పెరుగుతుంది, చేయి వేగంగా ఉండాలి. రక్తంలో దొరికింది మెదడులో ఉన్నదని రాయకు.

కార్టిసాల్, ఆనందమైడ్ రెండిట్లో ఏదో ఒకటే తీసుకో. నాకైతే రెండేళ్లకి కార్టిసాల్ ఒక్కటే సరిపోతుందనిపిస్తుంది, మీ గైడ్ ఏమంటారో అడుగు. సినాప్సిస్‌లో శాంపిల్ తీసే వేళల పేజీ ముందు రాసి నాకు పంపు, పరిచయం తర్వాత రాసుకోవచ్చు.

ఇట్లు,
పెదనాన్న