ముద్ద మింగని పిల్లలు: మొండితనమా, మరొకటా?

అమీర్‌పేట, పంజాగుట్ట బస్తీల్లో పనిచేసే టీచర్లకు తరచూ వినిపించే మాట ఒకటుంది: “మా వాడు తెల్లన్నం, బిస్కట్ తప్ప ఏదీ ముట్టడు.” దీనికి ఇంట్లో మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పిల్లవాడి మొండితనం, తల్లి గారాబం, కాదంటే ఎవరిదో దిష్టి. చాలామంది పిల్లల్లో ఇది వయసుతో తగ్గే మారామే. కొందరిలో మాత్రం ఇది ఆటిజం లక్షణాలతో కలిసి కనిపిస్తుంది. ఈ తేడా తెలియక బిడ్డకు విలువైన నెలలు పోతాయి, తల్లికి నిందలు మిగులుతాయి.

ఆటిజానికీ తిండికీ సంబంధం

1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని వర్ణించారు. వారిలో పలువురికి పసితనం నుంచే తిండి ఇబ్బందులున్నాయని అప్పుడే రాశారు. 2013లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు మిగతా పిల్లలకన్నా సుమారు 5 రెట్లు ఎక్కువ. వారికి కాల్షియం, ప్రోటీన్ తక్కువగా అందుతున్నాయని కూడా అది తేల్చింది.

కారణాలు అనేకం. మనకు కమ్మగా ఉండే పోపు వాసన ఆ బిడ్డకు భరించలేనిది కావచ్చు. ఖిచ్డీలో పంటికి తగిలే పప్పు బద్ద రాయిలా అనిపించవచ్చు. రోజూ తినే పళ్లెం మారినా, బిస్కట్ ప్యాకెట్ రంగు మారినా తినడం మానేయవచ్చు. కొందరికి ఆకలి సంగతే తెలియదు. మలబద్ధకం, పంటినొప్పి ఉన్నా మాటల్లో చెప్పలేరు. తల్లి పెంపకం వల్ల ఆటిజం రాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ చేరాలి.

ఎప్పుడు అనుమానించాలి?

తిండి పేచీ ఒక్కటే ఉంటే అది ఆటిజం కాదు. దానితోపాటు ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, ఏడాదిన్నరకు కూడా వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, కళ్లలోకి చూడకపోవడం, బొమ్మకారు చక్రాన్నే గంటల తరబడి తిప్పడం వంటివి ఉంటే డాక్టరుకు చూపించాలి. వినికిడి పరీక్ష కూడా చేయించాలి. బరువు తగ్గడం, తింటున్నప్పుడు పొలమారడం, చిగుళ్ల నుంచి రక్తం రావడం, తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

ఇంట్లో పాటించవలసినవి

1. ముక్కు మూసి, చేతులు పట్టుకుని కుక్కవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, తిండి అంటే భయమూ పెరుగుతుంది.
2. వేళకు పెట్టండి. మధ్యలో రెండు మూడు గంటలు పాలు, బిస్కట్లు ఇవ్వకపోతే ఆకలి తెలుస్తుంది.
3. బిడ్డ తినేది పళ్లెంలో ఎప్పుడూ ఉండాలి. పక్కనే కొత్తది గోరంత పెట్టండి. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాకడం, ఇవన్నీ మెట్లే. ఒక పదార్థం పది పదిహేనుసార్లు కనబడ్డాకే నోటిదాకా పోవచ్చు.
4. తెలిసినదాని నుంచి దగ్గరిదానికి నడిపించండి. తెల్లన్నం తినేవాడికి ముందు చుక్క నెయ్యి, కొన్నాళ్లకు చెంచా పప్పుకట్టు.
5. ఎవరో చెప్పారని పాలు, గోధుమ మాన్పించవద్దు. అసలే తక్కువ తినే బిడ్డకు అది మరింత నష్టం.

సాయం ఎక్కడ?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, నేటి ఎన్‌ఐఈపీఐడీ, మానసిక ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసమే పనిచేస్తుంది. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య ధ్రువపత్రం ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా దొరుకుతుంది. థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది.

దాతలకు ఒక మాట

రోజు కూలి మీద బతికే కుటుంబానికి పరీక్షకన్నా దాని తర్వాతి నెలలే కష్టం. వారం వారం థెరపీకి వెళ్లాలంటే ఆటో ఖర్చు, పోయిన కూలి, సిట్టింగ్ ఫీజు భరించాలి. చాలామంది మూడో నెలకే మానేస్తారు. అందుకే ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తంకన్నా, ఒక బిడ్డకు ఏడాదిపాటు రాకపోకల ఖర్చు భరించడం ఎక్కువ మేలు చేస్తుంది. ధ్రువపత్రం, బీమా కాగితాలు నింపిపెట్టే చదువుకున్న యువకుడి సమయం కూడా సదఖాయే.

డబ్బు లేకుండా చేయగలిగిన సాయమూ ఉంది. దావత్‌లో ఒక బిడ్డ చెవులు మూసుకుని, బిర్యానీ పళ్లెం తోసేసి ఏడుస్తుంటే తల్లికి సలహాలు చెప్పకండి. ఆమె టిఫిన్ డబ్బాలో తెచ్చుకున్న తెల్లన్నం ప్రశాంతంగా తినిపించుకోవడానికి ఒక పక్క గది చూపించండి.