పట్టణపు గుర్రానికి పొడి పరుపు: విశాఖపట్నం పరిస్థితుల్లో శాల నిర్వహణ, నిత్య సంరక్షణ

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో సాయంత్రం వేళ పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలు నగరవాసులకు చిరపరిచితమే. పెళ్లి ఊరేగింపుల్లో వరుణ్ణి మోసే గుర్రాలూ అంతే. అవి పనిచేసేది రోజులో కొన్ని గంటలు మాత్రమే. మిగిలిన కాలమంతా ఎక్కడ నిలబడతాయి, దేని మీద పడుకుంటాయి అన్న ప్రశ్న విస్తరణ కార్యక్రమాల్లో అరుదుగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్రలో పశు విస్తరణ అంటే ఆవు, గేదె, గొర్రె, కోడి. గుర్రపు యజమాని తోటివారి మాట మీద, అలవాటు మీద ఆధారపడతాడు.

పల్లెలోని పెంపకందారుకు గడ్డివామి ఉంటుంది, లద్దె వేసుకోవడానికి పొలం ఉంటుంది. పాత నగరంలోని పూర్ణా మార్కెట్ వంటి రద్దీ ప్రాంతపు పరిసరాల్లో గుర్రాన్ని కట్టుకోవలసిన వ్యక్తికి ఆ రెండూ ఉండవు. ఉలవలు, తవుడు, గడ్డి, పరుపు సామగ్రి అన్నీ బస్తాల లెక్కన కొనవలసినవే. డబ్బు చాలనప్పుడు మొదట కోత పడేది పరుపు మీద. గుర్రం నిలబడే నిద్రపోతుంది కదా, పరుపు ఎందుకన్నది అందుకు చెప్పే సమాధానం. ఈ సమాధానంలో సగం నిజం ఉంది. ప్రమాదం మిగతా సగంలో ఉంది.

నిలబడి నిద్రించే జంతువుకు పరుపు ఎందుకు

కాళ్ల కీళ్లను స్నాయువులతో బిగించి, కండరాలకు పెద్ద శ్రమ లేకుండా నిలబడే అమరిక గుర్రానికి ప్రకృతి ఇచ్చింది. కునుకు తీయడానికి అది చాలు. అయితే కనుగుడ్లు వేగంగా కదిలే గాఢ నిద్రా దశలో శరీర కండరాలు పూర్తిగా సడలిపోతాయి కనుక ఆ దశకు గుర్రం పడుకొని తీరాలి. పెరిగిన గుర్రానికి రోజుకు సుమారు 30 నిమిషాల నుంచి గంట వరకు ఈ నిద్ర అవసరం. ఒకటి రెండు రాత్రులు తప్పినా తట్టుకుంటుంది. నేల తడిగా, గట్టిగా, జారుడుగా ఉండి రోజుల తరబడి పడుకోకపోతే, నిలబడి ఉండగానే గాఢ నిద్రలోకి జారి, ముందరి కాళ్లు ముడుచుకుపోయి, మోకాళ్ల మీదికి కూలి, ఉలిక్కిపడి లేస్తుంది.

ఇలాంటి గుర్రాన్ని గుర్తించడం కష్టం కాదు. ముందరి మోకాళ్ల మీద, గిట్టకు పైనున్న కీలు ముందుభాగంలో మాని మళ్లీ రేగే గాయాలు ఉంటాయి. వాటిని రాయి తగిలిన దెబ్బలుగానో, తాడు ఒరుసుకున్న పుండ్లుగానో భావించి మందు పూస్తూ పోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వీపు మీద చిన్నపిల్ల ఉన్నప్పుడు గుర్రం ఒక్క క్షణం కూలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కనుక సవారీ గుర్రానికి పరుపును విలాసంగా కాక భద్రతా సామగ్రిగానే లెక్కించాలి.

కీళ్ల నొప్పి ఉన్న గుర్రం కూడా, లేవలేనన్న భయంతో, పడుకోదు. మంచి పరుపు వేసి వారం గడిచినా శరీరం ఒక పక్కన గడ్డిపోచలు అంటిన జాడ కనబడకపోతే పశువైద్యుని చేత కాళ్లు పరీక్ష చేయించాలి. దానికంటే ముందు చూడవలసింది కట్టుతాడు. తల నేలకు ఆనేంత పొడవు లేని తాడుతో కట్టిన గుర్రం, కింద ఎంత మందపు పరుపు ఉన్నా, సరిగా పడుకోలేదు. పైసా ఖర్చు లేని ఈ సవరణ ఒక్కటే కొన్నిచోట్ల సమస్యను తీరుస్తుంది.

నేల దగ్గరి గాలి

సుమారు 350 కిలోల బరువున్న గుర్రం రోజుకు 5 నుంచి 10 లీటర్ల వరకు మూత్రం విసర్జిస్తుంది. మూత్రంలోని యూరియాను లద్దెలో, నేలలో ఉండే సూక్ష్మజీవులు విడగొట్టడం వల్ల అమ్మోనియా వెలువడుతుంది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు. ప్రతి శ్వాసా ముక్కు ద్వారానే సాగాలి. పడుకున్నప్పుడు, నేల మీద మేత మేస్తున్నప్పుడు దాని నాసికలు అమ్మోనియా పుట్టే చోటికి జానెడు దూరంలో ఉంటాయి. శ్వాసనాళపు లోపొరను అమ్మోనియా దెబ్బతీస్తే దుమ్మును, బూజు బీజాలను బయటికి నెట్టే శక్తి తగ్గి, దగ్గు మొదలవుతుంది. అది ముదిరితే పని చేసినప్పుడల్లా ఎగశ్వాస పట్టే దీర్ఘవ్యాధిగా మారవచ్చు.

యజమానికి వాసన తెలియదు. నిత్యం ఆ గాలిలో ఉండేవాడి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. బయటి నుంచి వచ్చిన వ్యక్తి నిలబడి వాసన చూసినా చాలదు, మోకాళ్ల మీద కూర్చొని గుర్రపు నాసిక ఎత్తులో గాలి పీల్చాలి. అక్కడ కళ్లు చురుక్కుమంటే పరుపు మార్చవలసిన సమయం ఎప్పుడో దాటిపోయిందని అర్థం. విద్యార్థులు ఈ పరీక్ష స్వయంగా చేయాలి. పుస్తకంలో చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది.

వాసన పోవడానికి తడి పరుపు మీద సున్నం చల్లే అలవాటు విస్తృతంగా ఉంది. క్షారగుణం పెరిగితే మూత్రంలో అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజని వాయువుగా మారి మరింత వేగంగా వెలువడుతుంది. అంటే సున్నం చల్లిన గంటలో గాలి మెరుగుపడటానికి బదులు చెడుతుంది. పరుపు మొత్తం ఎత్తివేసి, కడిగి, ఆరిన నేల మీద, గుర్రం లేని సమయంలో మాత్రమే సున్నం వాడాలి. లద్దె కుప్ప మీద సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కొద్దిగా చల్లితే దాని ఆమ్లగుణం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది, ఎరువు విలువా పెరుగుతుంది. దీన్ని గుర్రానికి అందే చోట మాత్రం వాడరాదు.

ఏది పరచాలి

వరిగడ్డి అందరికీ తెలిసిన పరుపు. తన బరువుకు దాదాపు రెండు రెట్ల తేమను పీలుస్తుంది. రోజుకు 7 లీటర్ల మూత్రం అనుకుంటే, లెక్క ప్రకారం కనీసం మూడున్నర కిలోల గడ్డి తడుస్తుంది. తేమ ఒకేలా పరచుకోదు కనుక ఆచరణలో అయిదారు కిలోలు తీసివేయవలసి వస్తుంది. యజమానితో కలిసి కాగితం మీద ఈ లెక్క వేసి చూపితే పరుపు ఖర్చు ఊహగా కాక అంకెగా కనిపిస్తుంది. గడ్డితో ఉన్న చిక్కు వేరే ఉంది: గుర్రం దానిని తింటుంది. మేత చాలని గుర్రం, పళ్లు అరిగిన ముసలి గుర్రం ముతక వరిగడ్డిని అదేపనిగా నమిలితే, నీరు కూడా తక్కువైనప్పుడు, పేగులో గడ్డకట్టి శూల వస్తుంది. కనుక పరుపు గడ్డి కూడా మేత గడ్డి అంత శుభ్రంగా ఉండాలి. తుపాను వానల్లో తడిసి, నల్లబడి, దులిపితే పొగలా దుమ్ము లేచే గడ్డి చవకగా దొరికినా శాలలోకి రానీయరాదు.

ఊక తేలికగా దొరుకుతుంది గాని తేమను పీల్చేది స్వల్పం. సిలికా అధికం. సన్నని దుమ్ము కళ్లలో, ముక్కులో పడుతుంది. ఒంటరిగా వాడదగినది కాదు. చిత్రిక పొట్టు మంచి పరుపే. అయితే ఫర్నిచర్ దుకాణాల పొట్టులో మేకులు, ప్లైవుడ్ జిగురు, పాలిష్ కలిసి ఉండవచ్చు. ఒకే రకం కొయ్య చిత్రిక పట్టే చోటు నుంచి, జల్లించి తేవాలి. పొడిలాంటి రంపపు పొట్టు దుమ్ము దృష్ట్యా తక్కువ మేలు. అమెరికాలో నల్ల అక్రోటు పొట్టు మీద నిలబడిన గుర్రాలకు కొద్ది గంటల్లోనే లామినైటిస్ అనే తీవ్రమైన గిట్టవ్యాధి వచ్చిన ఉదంతాలు పాఠ్యగ్రంథాల్లో కనిపిస్తాయి. ఆ కొయ్య ఇక్కడ వాడుకలో లేదు గాని, ఏ చెట్టుదో తెలియని పొట్టును కొనరాదన్న హెచ్చరిక ఇక్కడికీ వర్తిస్తుంది.

అనకాపల్లి బెల్లం ప్రాంతం దగ్గరే ఉండటం వల్ల చెరకు పిప్పి గురించి రైతులు అడుగుతుంటారు. పూర్తిగా ఎండిన పిప్పి తేమను బాగా పీలుస్తుంది. మిగిలిన చక్కెర వల్ల పచ్చి పిప్పి పులిసి, ఈగలను రప్పించి, త్వరగా బూజు పడుతుంది. బూజు పట్టిన పిప్పి దుమ్ము పీల్చిన కార్మికులకు బెగాసోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి వస్తుందన్నది వైద్యశాస్త్రంలో చిరకాలంగా తెలిసిన సంగతి. మనిషికి పనికిరాని గాలి గుర్రానికీ పనికిరాదు.

కోస్తా జిల్లాలకు అనువైనది కొబ్బరి పీచు తయారీలో మిగిలే పొట్టు. తన బరువుకు అయిదు రెట్లకు పైగా నీటిని పట్టగలదు, గుర్రాలు సాధారణంగా తినవు. లోపాలు లేకపోలేదు: కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, గోధుమరంగులో లద్దె, తడి రెండూ కనిపించకుండా దాగుతాయి. అందుచేత చేత్తో తడిమి తడి జాగాలు వెదకాలి. అడుగున మూడు నాలుగు అంగుళాల పీచు పొట్టు, పైన శుభ్రమైన వరిగడ్డి పరిచే మిశ్రమ పద్ధతి విశాఖ వంటి తేమ వాతావరణానికి నప్పుతుంది. రబ్బరు చాపలు గట్టినేల దెబ్బను తగ్గిస్తాయి గాని మూత్రాన్ని పీల్చవు. వాటి కింద నిలిచిన మూత్రం మరో సమస్య.

తడి తీయకుండా పైపైన కొత్త గడ్డి వేసుకుంటూ పోయే పద్ధతి చలిదేశాల నుంచి వచ్చింది. గాలిలోనే తేమ నిండిన చోట అడుగు పొర ఎన్నటికీ ఆరదు. దానిని ఇక్కడ సిఫారసు చేయలేము.

ఉదయపు పని

లద్దెను రోజుకు కనీసం రెండుసార్లు, తడిసిన పరుపును ఉదయం ఒకసారి తీయాలి. గుర్రాన్ని బయట కట్టి, మిగిలిన పొడి పరుపును గోడల వెంట ఎగదోసి, నేలకు ఒకటి రెండు గంటలు గాలి తగలనివ్వాలి. నేల వాలు కాలువ వైపు ఉండాలి. వాలు లేని సిమెంటు నేల మీద ఏ పరుపూ నిలవదు. కుట్టే శాల ఈగ తడి గడ్డి, మూత్రం, లద్దె కలిసిన చోటే గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో రెండు మూడు వారాల్లో కొత్త తరం ఈగలు లేస్తాయి. ఇళ్ల ఈగకు అంత కాలం కూడా అక్కరలేదు. వారానికి రెండుసార్లు కుప్పను ఆ స్థలం నుంచి తరలించగలిగితే ఈగల మందు ఖర్చు చాలావరకు తగ్గుతుంది, ఇరుగుపొరుగుతో తగవూ తగ్గుతుంది. నర్సరీలు, పెరటి తోటలు పెంచేవారితో ముందే మాట్లాడుకుంటే లద్దెకు గిరాకీ ఉంటుంది. పొట్టు ఎక్కువగా కలిసిన లద్దెను బాగా మాగనివ్వకుండా మొక్కలకు వేస్తే నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు లాగేసుకుంటాయని వారికి చెప్పడం మరవరాదు.

పరుపు తీసేటప్పుడే గుర్రపు ఆరోగ్యం చదవవచ్చు. పెరిగిన గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. ఉదయానికి రెండు మూడు ఉండలే కనిపిస్తే, అవీ చిన్నవిగా, గట్టిగా, జిగురుపూతతో ఉంటే శూల రాబోతున్నదని అనుమానించాలి. పరుపు కాళ్లతో చిందరవందర చేసి ఉంటే రాత్రి నొప్పితో దొర్లిందేమో చూడాలి. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16, ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నాడిని దవడ ఎముక లోపలి అంచున వేలితో తెలుసుకోవచ్చు.

బీచ్ నుంచి తిరిగి వచ్చాక

గిట్ట అడుగున త్రికోణాకారంలో మెత్తని భాగం ఉంటుంది. దాని పక్కనున్న గాడుల్లో ఇసుక, లద్దె ఇరుక్కొని, రాత్రి తడి పరుపు మీద నిలబడితే నల్లని, దుర్వాసన గల కుళ్లు మొదలవుతుంది. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవుల పని ఇది. గాడులను మొద్దుకొన గల కొక్కెంతో రోజూ గీకి, పొడిగా ఉంచడమే ప్రధాన చికిత్స. తడి నేల మారకుండా మందు పూయడం వల్ల ఫలితం నిలవదు. మడమ నుంచి ముందుకు గీకాలి. గిట్టలను కోయించి లాడాలు మార్చడం సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి. ధనుర్వాతానికి గుర్రం మిక్కిలి లొంగే జంతువు కనుక మేకు దిగిన గిట్టను చిన్న గాయంగా కొట్టిపారేయరాదు. టీకా క్రమం తప్పకూడదు.

ఉప్పుగాలి, చెమట కలిసి జీను కింది చర్మాన్ని ఒరిపిస్తాయి. మంచినీటితో కడిగి, నీటిని చెక్కతో లాగివేసి, ఆరిన తరువాతే శాలలోకి తేవాలి. వేడి, తేమ రెండూ ఎక్కువైన తీరప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా ఉండి, పని ఆగిన అరగంటకు కూడా ఎగశ్వాస తగ్గకపోతే ఆ గుర్రానికి ఎండలో పని మానిపించాలి. 1965 నాటి బండి, బరువు మోసే జంతువుల నియమాలు రోజుకు తొమ్మిది గంటలకు, విరామం లేకుండా అయిదు గంటలకు మించిన పనిని నిషేధిస్తున్నాయి. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య పనిని కూడా అవి అనుమతించవు.

మార్కెట్ మిగులు మేత

కూరగాయల మార్కెట్ దగ్గర ఉండటం సౌలభ్యమూ, ప్రలోభమూ. క్యారెట్ కొద్దిగా పెట్టవచ్చు. వాడిపోయిన క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు బుట్టలకొద్దీ పెడితే కడుపు ఉబ్బుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, కనుక లోపల పుట్టిన వాయువుకు వెనక్కి దారి లేదు. ఉల్లి వ్యర్థాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చబారిన బంగాళాదుంప విషం. ఆకులతో కలిసి వచ్చే పాలిథీన్ సంచి, పురికొస పేగులో అడ్డుపడతాయి. గుర్రానికి రోజూ దాని బరువులో కనీసం ఒకటిన్నర శాతం పొడి పదార్థం మేర పీచు మేత కావాలి. 350 కిలోల గుర్రానికి అది అయిదు కిలోలకు పైమాట. నానబెట్టిన లేదా ఉడికించిన ఉలవలు అదనమే గాని దానికి బదులు కావు. మేతను ఇసుక నేల మీద పోయకూడదు. అనుమానం ఉంటే రెండు మూడు లద్దె ఉండలను పారదర్శకమైన సీసాలో నీటితో కలిపి నిలవనిస్తే ఇసుక అడుగున తేరుకుంటుంది.

ముక్కు నుంచి చిక్కని స్రావం, చర్మం మీద గడ్డలు పగిలి పుండ్లు కనిపిస్తే గ్లాండర్స్‌ను అనుమానించాలి. ఇది మనుషులకు సోకే బ్యాక్టీరియా వ్యాధి, టీకా లేదు, 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం కింద తెలియజేయవలసిన వ్యాధి. నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. పరుపు, నీటి తొట్టి, కళ్లెం పంచుకోవడం వల్ల వ్యాధి ఒక గుర్రం నుంచి మరొకదానికి పాకుతుంది. కొత్తగా కొన్న గుర్రాన్ని వేరుగా కట్టి, పరీక్ష ఫలితం వచ్చేదాకా దాని పరుపును విడిగా తీసి కాల్చివేయాలి.

విస్తరణ సిబ్బంది శాలను సందర్శించే వేళ కూడా ముఖ్యమే. మధ్యాహ్నం వెళ్తే ఊడ్చిన నేల కనిపిస్తుంది. తెల్లవారుజామున, యజమాని చీపురు పట్టకముందు వెళ్లి, గుర్రం ఒంటిమీద గడ్డిపోచలు ఉన్నాయో లేవో మొదట చూడాలి.