సీరియల్ ఎందుకు సాగుతుంది?

మన ఇళ్ళలో చాలాచోట్ల రాత్రి భోజనం వేళ సీరియల్ వేళను బట్టి మారుతుంది. "ఒక్క పెళ్ళికి నెల రోజులా?" అని విసుక్కుంటాం. మరునాడు మళ్ళీ టీవీ ముందు కూర్చుంటాం. ఈ సాగదీత వెనుక ఒక ఆర్థిక సూత్రం ఉంది. కామర్స్ చదివే మిత్రులకే కాక మనందరికీ అది తెలియడం మంచిది.

కొద్దిపాటి చరిత్ర

జెమిని టీవీ, ఈటీవీ 1995లో ప్రారంభమయ్యాయి. 2002లో మా టీవీ, 2005లో జీ తెలుగు వచ్చాయి. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు'తో పేరు పొందిన మంజులా నాయుడు 2003లో జెమినిలో 'చక్రవాకం' మొదలుపెట్టారు. అది 2008 వరకు సాగింది. తర్వాత వచ్చిన 'మొగలిరేకులు' 2013 వరకు నడిచింది. స్టార్ మాలో 2017లో మొదలైన 'కార్తీకదీపం' 2023 జనవరిలో ముగిసే నాటికి 1500 ఎపిసోడ్లు దాటింది.

ఆదాయం ఎలా వస్తుంది?

1. ప్రకటనలు: 1994 నాటి కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదు. నిమిషాలు పెంచడానికి వీల్లేదు కనుక ఒక్కో నిమిషం ధర పెంచుకోవాలి. ఆ ధరను నిర్ణయించేది రేటింగు.

2. చందా: 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త ధరల విధానం అమలులోకి వచ్చినప్పుడు స్టార్ మా, జెమిని, జీ తెలుగు ఒక్కొక్కటి నెలకు 19 రూపాయలు, పన్ను అదనం. రోజూ చూసే సీరియల్ ఉంటే ఆ ఛానల్‌ను ఇంట్లో ఎవరూ తీసెయ్యనివ్వరు.

ఇక ఖర్చు సంగతి. సెట్టు, నటులు, ప్రచారం, వీటికి మొదట్లోనే పెద్ద ఖర్చవుతుంది. ఎపిసోడ్లు పెరిగే కొద్దీ ఆ ఖర్చు పంచుకుపోతుంది. కొత్త సీరియల్ ఆడుతుందో లేదో తెలియదు. ఆడుతున్నదాన్ని ఆపడం యజమానికి నష్టం. రేటింగు రానిదాన్ని మధ్యాహ్నానికి మారుస్తారు, లేదా త్వరగా ముగిస్తారు.

కథకు జరిగేది

'కార్తీకదీపం' మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. రెండింటిలోనూ ప్రేమి విశ్వనాథ్ నటించారు. కథానాయిక నలుపు. రంగు చూసి పెళ్ళిచూపుల్లో కాదనిపించుకున్న అమ్మాయిలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అందుకే ఆమె కన్నీళ్ళు మనవే అనిపించాయి. కానీ ఆమెకు న్యాయం జరిగితే కథ అయిపోతుంది. కథ అయిపోతే ఆదాయం ఆగిపోతుంది. అందువల్ల న్యాయం ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చింది.

లెక్కలో మనం ఉన్నామా?

2015 వరకు రేటింగులిచ్చిన టామ్ సంస్థ మీటర్లు ప్రధానంగా పట్టణాల్లోనే ఉండేవి. బార్క్ సంస్థ 2015 అక్టోబరు నుండి గ్రామీణ లెక్కలు కూడా ఇవ్వసాగింది. అంతకుముందు సబ్బులమ్మే కంపెనీ దృష్టిలో పరిగి చుట్టుపక్కల పల్లెల్లోని ప్రేక్షకులు లేనట్టే. నేటికీ మీటర్లు పెట్టేది ఎంపిక చేసిన ఇళ్ళలో. వందమంది కలిసి చూసే హాస్టల్ టీవీ ఆ ఇళ్ళ లెక్కలోకి రాదు.

మిత్రులారా! కూలికి వెళ్ళే తల్లి, హాస్టల్లో చదివే కొడుకు ముఖ్య పాత్రలుగా ఎన్ని సీరియళ్ళు చూశాం? మన అమ్మలు చూస్తున్నారు, మన అక్కలు చూస్తున్నారు. వాళ్ళ బతుకు మాత్రం తెరమీద అరుదు. ఎవరో రాస్తారని ఎదురు చూడడం దండగ. ఈ పత్రికలో నాలుగు పేజీల కథ రాసే తమ్ముడు, చెల్లెలు రేపు ఎపిసోడ్ కూడా రాయగలరు. చూద్దాం, లెక్క తెలిసి చూద్దాం. రాయడమూ నేర్చుకుందాం.