గీసింది దాచుకోకండి

పాత కరీంనగర్ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 37 లక్షల పైచిలుకు. లాత్వియా అనే దేశం మొత్తం కలిపినా అందులో సగమే ఉంటుంది. ఆ దేశంలో గింట్స్ జిల్‌బలోడిస్ అనే కుర్రాడు బడికి వెళ్లే రోజుల్లోనే ఒక పిల్లిని పెట్టి చిన్న యానిమేషన్ సినిమా తీశాడు. పిల్లికి నీళ్లంటే భయం, అంతే కథ. పేరు ‘ఆక్వా’, సంవత్సరం 2012. ఆ తర్వాత ఇంకొన్ని పొట్టి సినిమాలు తీశాడు. 2019లో ‘అవే’ అనే పెద్ద సినిమాను బొమ్మలతో పాటు సంగీతం కూడా తానే చేసుకుని ఒంటరిగా పూర్తి చేశాడు. అప్పుడు మళ్లీ ఆ పిల్లి దగ్గరికి వచ్చాడు. బడి వయసులో అల్లుకున్న ఆ చిన్న కథే పెరిగి ‘ఫ్లో’ అయింది. ఎవరైనా పైసా కట్టకుండా దింపుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీసిన ఆ సినిమాకు 2025 మార్చిలో ఆస్కార్ వచ్చింది.

ఆస్కార్ మాట పక్కన పెడదాం. ఇందులో మనం పట్టుకోవాల్సింది మొదటి మెట్టు. ఒక బడి పిల్లాడు చిన్న కథ ఎంచుకున్నాడు, పూర్తి చేశాడు, చూపించాడు. ఉత్తర తెలంగాణలో గీసేవాళ్లకు కొదవ లేదు. పూర్తి చేసేవాళ్లు తక్కువ. పూర్తి చేసినదాన్ని మొహమాటం లేకుండా నలుగురి ముందు పెట్టేవాళ్లు మరీ తక్కువ. జగిత్యాలలోనో మంచిర్యాలలోనో డిగ్రీ చదువుకుంటూ రాత్రుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లలకు ఈ రెండింటి గురించే చెప్పాలని ఉంది.

ముందు నిడివి. మొదటి సినిమా మూడు నిమిషాలు దాటొద్దు. లెక్క వేసి చూడండి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 8 బొమ్మలు చాలు. మూడు నిమిషాలంటే 180 సెకన్లు, అంటే 1440 బొమ్మలు. అందులో కదలకుండా నిలబడే దృశ్యాలు ఉంటాయి, మళ్లీ మళ్లీ వాడుకునే కదలికలు ఉంటాయి. ఒద్దికగా పథకం వేసుకుంటే సగం పని తగ్గుతుంది. రోజుకు పది బొమ్మల చొప్పున 72 రోజుల పని. పరీక్షలు, పెళ్లిళ్లు, జ్వరాలు కలుపుకున్నా ఆరు నెలల్లో తేలుతుంది. అదే ఇరవై నిమిషాల పురాణ గాథ మొదలుపెడితే మూడో నెలలో ఊపిరి ఆడదు. హార్డ్ డిస్కులో మరో ఫోల్డర్ మిగులుతుంది. మూడు నిమిషాలదైనా ముగించినవాడికి తన మాట తాను నిలబెట్టుకున్నానన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే రెండో సినిమా తీస్తాడు.

సరంజామా కోసం అప్పు చేయకండి. బొమ్మలకు క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. జపాన్ జిబ్లీ స్టూడియో వాడిన టూంజ్ సాఫ్ట్‌వేర్ 2016 నుంచి ఓపెన్‌టూంజ్ పేరుతో అందరికీ ఉచితం. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోను చాలు. కాగితం బొమ్మలు కత్తిరించి, కొద్ది కొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో తీయండి. లోటె రైనిగర్ అనే జర్మన్ మహిళ 1926లోనే నల్ల కాగితపు నీడబొమ్మలతో పూర్తి నిడివి సినిమా తీసింది. తోలుబొమ్మలాట పుట్టిన నేల మనది, మనకు ఆ పద్ధతి పరాయిది కాదు.

ఇక కథ. దీని కోసం ఎక్కడికో పోకండి. గీతాంజలి రావు ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ అనే పదిహేను నిమిషాల సినిమా బొమ్మలన్నీ తన చేత్తో గీసింది. ఒంటరి ముసలామె, ఆమె పిల్లి, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, ఇంతే సరుకు. 2006లో కాన్ చిత్రోత్సవంలోని క్రిటిక్స్ వీక్‌లో అది అవార్డులు గెలిచింది. మన ఇళ్లలో అంతకు తక్కువ సరుకు లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఏ వాడకు పోయినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసే అవ్వలు, అక్కలు కనబడతారు. ఆ చేతులను ఒక గంట చూడండి. తడిపిన తునికాకును రేకు కొలతకు కత్తిరిస్తారు. చిటికెడు తంబాకు పరుస్తారు. రెండు బొటనవేళ్లతో ఒక్క దొర్లు దొర్లిస్తారు. కొస మడిచి గోటితో అదుముతారు. దారం రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపుతారు. అయిదు భంగిమలు. ఫోనులో వీడియో తీసుకుని ఆ అయిదింటిని గీయండి, తర్వాత మధ్య బొమ్మలు నింపండి. ఒకసారి కుదిరితే ఆ కదలిక సినిమా అంతా తిరుగుతూనే ఉంటుంది. మీరు మార్చాల్సింది ముఖం ఒక్కటే. బిడ్డ ఫోన్ చేసిందనగానే తల లేస్తుంది, చేతులు మాత్రం ఆగవు. కట్టకు లెక్క తప్పకూడదు కదా! ఆ తల ఎత్తడం, చేతులు ఆగకపోవడం చూపిస్తే చాలు, ఆమె బతుకు మీద మాటలు రాయక్కర్లేదు.

గీత గురించి ఒక్క సంగతి. జపాన్ కళ్లు, అమెరికా ముక్కులు గీసి గీసి చేయి వాటికే అలవాటు పడిపోతోంది. నేర్చుకునేటప్పుడు తప్పు లేదు. కానీ బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బరోడా దాకా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకుని, చివరికి గీసింది తన ఊరి ఆడవాళ్లనే. పెద్ద బొట్టు, ఎర్రటి చీర, నల్లని ఒళ్లు. అది వైకుంఠం బొమ్మ అని సంతకం చూడకుండానే చెప్పేస్తాం. ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నదీ ఆయనే. హైదరాబాద్ స్టూడియోల్లో మన జిల్లాల పిల్లలు ఎందరో పగలంతా పరాయి దేశాల కథలకు బొమ్మలు గీస్తున్నారు. అన్నం పెట్టే పని, గౌరవంగా చేయాల్సిందే. సాయంత్రం ఓ గంట మాత్రం మీ గీతకు, మీ ఊరికి మిగుల్చుకోండి.

మాటలు ముందు రికార్డు చేసి, తర్వాత గీయండి. పరుపులున్న గదిలో దుప్పటి కప్పుకుని ఫోనులో రికార్డు చేసినా గొంతు శుభ్రంగా వస్తుంది. అమ్మ, అమ్మమ్మ మాట్లాడే యాసను సరిదిద్దకండి. సంగీతం విషయంలో మాత్రం జాగ్రత్త. నీనా పేలీ అనే అమెరికన్ కళాకారిణి మన సీతమ్మ కథను ‘సీత సింగ్స్ ద బ్లూస్’ పేరుతో ఇంట్లో కూర్చుని ఒంటరిగా తీసింది. 2008లో పూర్తయింది. అందులో వాడిన 1920ల నాటి పాటల హక్కులు అప్పటికి ఇంకా బతికే ఉన్నాయి. వాటి కోసం ఆమె దాదాపు 50 వేల డాలర్లు అప్పు చేయాల్సి వచ్చింది. ఇళయరాజా పాట ముక్క పెట్టుకోవాలని మీకూ ఉంటుంది, నాకు తెలుసు. వద్దు. వీధి చివర డప్పు కొట్టే అన్నను అడగండి. డబ్బు ఇవ్వండి, అనుమతి కాగితం రాయించుకోండి.

ఇప్పుడు అసలు కష్టం. సినిమా అయిపోయింది. ఇంకేం, యూట్యూబ్‌లో పెట్టేసి, లింకును ముప్పై వాట్సాప్ గ్రూపులకు పంపి, పొద్దున లేచి వ్యూస్ చూసుకుంటారు. నూట పది. గుండె జారిపోతుంది. ‘మన దగ్గర ఇవన్నీ ఎవరు చూస్తరు’ అనుకుని బొమ్మలు మానేసిన పిల్లల గురించి ఆలోచిస్తే బాధేస్తుంది. లోపం బొమ్మలో లేదు. చూపించడం కూడా పనే అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

జగిత్యాల బిడ్డ అలిశెట్టి ప్రభాకర్‌ను తలచుకోండి. కవి, చిత్రకారుడు, ఫోటోగ్రాఫర్. జగిత్యాలలో, కరీంనగర్‌లో, ఆ తర్వాత హైదరాబాద్‌లో స్టూడియోలు నడిపాడు. కవిత రాసి పత్రిక కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కవితకు బొమ్మ జతచేసి ప్రదర్శనలు పెట్టాడు. నడిచిపోయే మనిషి ఆగి చదవాలన్నది ఆయన పట్టుదల. 1993లో నలభై నిండకుండానే పోయాడు. జేబులో డబ్బు లేని మనిషి తన పనిని జనం కంటి ఎదుట నిలబెట్టగలిగాడంటే, ఇంటర్నెట్ చేతిలో ఉన్న మనం సిగ్గుపడి మూల కూర్చోవడం న్యాయం కాదు.

కొండగట్టుకు దగ్గర్లోని లంబాడిపల్లి నుంచి శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టారు. వాళ్లవి మామూలు కెమెరా వీడియోలే, యానిమేషన్ కాదు. అయినా వాళ్ల దారిలో మనకు పాఠం ఉంది. ఊరి మనుషులనే ఊరి మాటతో చూపించారు, ఏళ్ల తరబడి ఆపకుండా చేశారు. బడి ముఖం చూడని గంగవ్వ రాష్ట్రమంతటికీ తెలిసిన మనిషైంది. ఒక్క వీడియోతో వచ్చింది కాదు అది. జనం మళ్లీ మళ్లీ వచ్చేలా వాళ్లు మళ్లీ మళ్లీ ఇచ్చారు.

అందుకే సినిమా పూర్తయ్యేదాకా ఆగకండి. పని నడుస్తుండగానే వారానికో పది సెకన్ల పెన్సిల్ టెస్ట్ బయట పెట్టండి. బీడీ చుట్టే చేతుల కచ్చా గీతలు, పక్కనే అసలు వీడియో పెడితే చూసేవాళ్లకు పని విలువ తెలుస్తుంది. సినిమా వచ్చేనాటికి దానికోసం ఎదురుచూసేవాళ్లు వంద మంది ఉంటారు. గ్రూపులో లింకు పడేయడం కన్నా పదిమందికి పేరు పెట్టి రాసిన సందేశం బాగా పనిచేస్తుంది. ‘రమేశన్నా, మీ అమ్మ బీడీల పని గురించి మీరొకసారి చెప్పిన ముచ్చట గుర్తుండి ఇది తీసిన, చూసి చెప్పండి’ అంటే ఎవరూ కాదనరు. అడగడం చిన్నతనం అనుకోకండి. చూడమని అడగడం ఎదుటివాళ్లను గౌరవించడమే.

తొలి ఆట మాత్రం తెర మీదే వేయండి. ప్రభుత్వ బడిలో డిజిటల్ తరగతి గది ఉంటే హెడ్మాస్టరుగారిని కలిసి ఒక పీరియడ్ అడగండి. లేదంటే తెల్ల దుప్పటి, అద్దె ప్రొజెక్టర్, గ్రామ పంచాయతీ గోడ. కరీంనగర్‌కు అయితే మరో భాగ్యం ఉంది. వారాల ఆనంద్ లాంటివాళ్లు దశాబ్దాలుగా నిలబెట్టిన కరీంనగర్ ఫిలిం సొసైటీ, దాని ఫిలిం భవన్ ఉన్న ఊరు ఇది. ప్రపంచ సినిమా చూసి మాట్లాడుకునే అలవాటున్న మనుషులు ఇంత దగ్గరలో ఉండడం చాలా జిల్లా కేంద్రాలకు దొరకని వరం. వెళ్లి కలవండి.

చూపించేటప్పుడు తెర వైపు చూడకండి, చూసేవాళ్ల ముఖాలు చూడండి. ఎక్కడ ఫోన్ తీశారో అక్కడ కత్తెర పడాలి. తర్వాత ‘ఎట్లుంది?’ అని అడగొద్దు. బాగుందనే అంటారు. ఎక్కడ విసుగొచ్చింది, ఏది అర్థం కాలేదు, ఇంటికి పోయాక ఏది గుర్తుంటుంది అని అడగండి. జవాబులు రాసుకోండి, ఎదురు వాదించకండి. విమర్శ విని ముఖం మాడ్చుకోకుండా కాగితం మీద పెట్టుకునే అలవాటు ఈ రంగంలోనే కాదు, ఉద్యోగంలోనూ కాపురంలోనూ పనికొస్తుంది. అన్నీ పాటించక్కర్లేదు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే చోట ఆగారంటే అది మాత్రం మార్చాల్సిందే.

చిత్రోత్సవాల విషయంలో వరుస ముఖ్యం. కొన్ని ఉత్సవాలు ఇంటర్నెట్‌లో అప్పటికే ఉన్న సినిమాను తీసుకోవు. కాబట్టి ముందు ఉత్సవాలు, తర్వాత యూట్యూబ్. డాక్యుమెంటరీ, లఘు, యానిమేషన్ చిత్రాల కోసం ముంబయిలో 1990 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ చిత్రోత్సవం ఉంది. కేరళలో కూడా లఘుచిత్రాలకు పేరున్న ఉత్సవం ఉంది. యానిమేషన్‌కు పెద్దపీట ఫ్రాన్స్‌లోని అనెసీ. ప్రవేశ రుసుము కట్టే ముందు ఆ ఉత్సవం నిజంగా హాల్లో సినిమాలు వేస్తోందా, కిందటేడాది ఏయే సినిమాలు వేసిందో చూడండి. నెలనెలా వందల కొద్దీ అవార్డులు పంచుతూ పతకానికి విడిగా డబ్బడిగే చోటుకు పైసా పంపకండి. మొత్తం ఖర్చు ఇంతకు మించదని ముందే ఒక అంకె రాసుకోండి.

ఎవరు అడిగినా అయిదు నిమిషాల్లో పంపగలిగేలా ఒక ఫోల్డర్ సిద్ధంగా ఉంచండి. పోస్టర్, నాలుగు స్టిల్స్, రెండు వాక్యాల కథ, మీ ఫోటో, మీ గురించి నాలుగు ముక్కలు, అరనిమిషం ట్రైలర్, ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ ఫైలు. యాసను అర్థం చెడకుండా ఇంగ్లిషులోకి తేగల ఉపాధ్యాయుడు ప్రతి ఊళ్లో ఒకరుంటారు, సాయం అడగండి. ఇదే ఫోల్డర్ జిల్లా విలేకరికీ పనికొస్తుంది. వార్త రాయమని బతిమాలకండి. ఫలానా రోజు ఫలానా బడిలో పిల్లలకు వేస్తున్నామని చెప్పి రమ్మనండి. పిల్లలు తెర చూస్తున్న ఫోటో దొరికితే వార్త దానంతట అదే అవుతుంది.

యూట్యూబ్‌లో పెట్టేరోజు ఫోన్ తెర మీద ఒకసారి చూసుకోండి. గీతలు సన్నగా ఉంటే అక్కడ కనబడవు. టైటిళ్లకు అరనిమిషం తీసుకుంటే చూసేవాళ్లు వెళ్లిపోతారు, కథతోనే మొదలుపెట్టి పేర్లు చివర వేయండి. గొంతు ఇచ్చిన అమ్మ పేరు, డప్పు కొట్టిన అన్న పేరు తెలుగు అక్షరాల్లో, చదవగలిగినంత సేపు ఉండాలి.

తర్వాత ప్రాజెక్టు ఫైళ్లు, గీసిన బొమ్మలు రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచండి. ఆ బీడీల అవ్వ మీకు మళ్లీ అవసరం పడొచ్చు. ఏ ఉట్నూరు నుంచో ఒక అమ్మాయి ఫోన్ చేసి ‘అన్నా, చేతుల కదలిక ఎట్ల చేసినవ్?’ అని అడిగితే, ఆ ఫైలు పంపండి. ఎక్కడ తప్పులున్నాయో కూడా చెప్పండి.