మానసిక వైద్యుని వద్దకు మొదటిసారి వెళ్తున్నారా?

నిద్ర పట్టడం లేదు, అన్నం సహించడం లేదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదు అంటూ మా ఆసుపత్రికి చాలామంది వస్తుంటారు. "మానసిక వైద్యుని వద్ద చూపించుకోండి" అని చీటీ రాసిస్తే, "నాకేమన్నా పిచ్చా, సిస్టరమ్మా?" అంటూ చీటీ మడిచి జేబులో పెట్టుకొని గూడేనికి తిరిగి వెళ్లిపోయేవారు ఎందరో. ఆరు నెలలు పోయాక జబ్బు ముదిరి వస్తారు. వారిని ఆపేది బస్సు ఛార్జీ ఒక్కటే కాదు. అక్కడ ఏం చేస్తారోనన్న భయం కూడా. అందుకే అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

ఎవరు చూస్తారు?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాసేది వీరే. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, కొన్ని పరీక్షలు పెడతారు.

ఏమి తీసుకెళ్లాలి?

పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందులు తీసుకెళ్లండి. నాటు మందు వాడుతుంటే దాచకుండా చెప్పండి. మీతో ఉండే ఒకరిని వెంట తీసుకెళ్లండి. కోయ భాషలోనే మనసు విప్పగలిగినవారు ఆ మాట ముందే చెప్పి, రెండు భాషలూ తెలిసినవారిని తోడు తెచ్చుకోండి.

ఏమి అడుగుతారు?

మొదటి రోజు ఎక్కువ భాగం మాటలే. బాధ ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, సారా, గుడుంబా అలవాటు ఉందా, అప్పులున్నాయా, ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా అని అడుగుతారు. "ఇవాళ ఏ వారం? ఈ మూడు పేర్లు గుర్తుంచుకొని మళ్లీ చెప్పండి" అని కూడా అడగవచ్చు. అది జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను చూడడానికే, ఎగతాళి కాదు. చదువు రానివారూ జవాబు చెప్పవచ్చు. మధ్యలో ఏడుపు వస్తే సిగ్గుపడవద్దు.

"చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతారు. అలా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. నిజం చెప్పండి. అటువంటి ఆలోచన ఉన్నవారి ఇంట్లో పత్తికి, మిర్చికి కొట్టే పురుగుల మందు ఉంచవద్దు. వారిని ఒంటరిగా వదలవద్దు.

రక్త పరీక్ష ఎందుకు?

రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి. ముఖ్య గమనిక: జ్వరంతో ఉన్న మనిషి హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడినా, ఇంటివారిని గుర్తుపట్టకపోయినా దయ్యం పట్టిందని ఆలస్యం చేయవద్దు. అది మెదడుకు సోకిన మలేరియా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

కట్టేస్తారా? అందరికీ చెబుతారా?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు మాత్రం అవసరమైనంత వరకు ఇంటివారికి చెబుతారు. ఇంటివారి ఎదుట చెప్పలేని సంగతి ఉంటే, "ఒంటరిగా మాట్లాడతాను" అని అడగండి.

తరువాత?

అందరికీ మందులు అవసరం ఉండదు. దిగులుకు ఇచ్చే మందులు పని మొదలుపెట్టడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకొని గుణం లేదని మానవద్దు, గుణం కనిపించిందనీ మానవద్దు. ఇబ్బంది ఉంటే డాక్టరుకే చెప్పండి. కౌన్సిలింగ్ కూడా ఒక్కసారితో అయిపోయేది కాదు.

వెంటనే వెళ్లలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

గుర్తుంచుకోండి: కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి సిగ్గుపడం కదా! మనసు నొచ్చినా అంతే. జేబులోని ఆ చీటీని ఈ వారమే బయటకు తీయండి.