గోలీలు మానొద్దు బిడ్డా

హనుమకొండ



కండ్లల్లో పచ్చదనం పోయింది, ఆకలి అవుతోంది, ఇంకా ఈ గోలీలెందుకని అమ్మను అడిగినవట. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

మనం తినే ప్రతి ముద్దలో ఇంత రాగి ఉంటుంది. ఒంటికి కావలసింది పోను మిగిలినదాన్ని కాలేయం పిత్తరసంలో కలిపి బయటికి పంపాలి. ఆ పని చేయించే జన్యువు నీలో సరిగా లేదు. అందుకే రాగి కాలేయంలోనే పేరుకుంటుంది, అక్కడ నిండితే మెదడుకు, కంటికి పాకుతుంది. 1912లో కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి రాసిన నాటికి దీనికి మందే లేదు. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమిన్ వాడి చూపించిన తర్వాత ఈ రోగుల్లో చాలామంది బతికి బట్టకట్టారు. నువ్వు మింగుతున్నది ఆ మందే.

ఒంట్లో బాగుందంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. బాగైందనుకొని మానేసినవాళ్లకు కొన్ని నెలలకో, రెండు మూడేండ్లకో కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదురుతాయి. అప్పుడు కాలేయం మార్చడం తప్ప దారి ఉండదు. మార్చినా బతికినన్నాళ్లు వేరే మందులు మింగాల్సిందే. రేపు పెళ్లై పిల్లల్ని కనాలనుకున్నప్పుడు కూడా డాక్టరు మోతాదు మార్చాలే గాని నువ్వు ఆపకూడదు.

గోలీ తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకు వేసుకో. దాంతోపాటు రాసిన బీ6 వదలకు. రక్తం, మూత్రం పరీక్షలు ఎగ్గొట్టకు, పెనిసిలమిన్ మూత్రపిండాలను ఇబ్బంది పెట్టవచ్చు. పొట్ట ఉబ్బినా, కాళ్లు వాచినా, చెయ్యి వణికినా ఆలస్యం చేయకు. రక్తం కక్కుకున్నా, విరేచనం తారులా నల్లగా వచ్చినా రాత్రైనా సరే ఎంజీఎం ఆస్పత్రికి పోవాలి. కామెర్లనగానే పసరు పోయించే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. పసరుతో ఒంట్లో రాగి దిగదు, విలువైన కాలం మాత్రం పోతుంది.

రాగి చెంబులో నీళ్లు ఆరోగ్యమని ఎవరు చెప్పినా నీకు కాదు. బలానికని కార్జం వండిపెడితే వద్దను. పీతలు, పుట్టగొడుగులు, చాక్లెట్, జీడిపప్పు కూడా ఇప్పుడు పక్కన పెట్టు. కానీ పత్యం మందుకు బదులు కాదు.

అమ్మ తనవల్లే ఇట్లైందని ఏడుస్తోంది. ఈ లోపం ఇద్దరి నుంచీ రావాలి. ఒక్కరి నుంచే వస్తే జబ్బు రాదు, అమ్మానాన్నలు అట్లే ఏ జబ్బూ లేకుండా ఉన్నారు. మేనరికంలో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ, అంతే. ఇది ఎవరి పాపమూ కాదు. ఈ మాట నువ్వే అమ్మకు చెప్పు, నీ నోట వింటే నమ్ముతుంది.

ఇక తమ్ముడి సంగతి. ఒక్క లక్షణం లేకున్నా వాడికి ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి చూడాలి, కంటి పరీక్ష చేయించాలి. తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. జబ్బు ఉందని తేలినా, కాలేయం దెబ్బతినకముందే మందు మొదలుపెడితే వాడు అందరిలాగే బతుకుతాడు. బడి సెలవుల దాకా ఆగొద్దు, ఈ వారమే పంపించు. వెంట నేనే ఉంటాను.

మీ పెదనాన్న