మంచుసీమలో శ్రమదానం – ఒక పరిశీలన

విదేశయానం అనగానే మన సీమవారికి ముందుగా స్ఫురించేది కువైటు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో ఆ దేశపు సొమ్ముతో మిద్దెలు లేచిన ఇళ్లు, ఆ సొమ్ముతోనే జరిగిన నికాహ్‌లు ఎన్నో ఉన్నవి. అక్కడికి వెళ్లేవారు కూలి కొరకు వెళ్తారు; అందులో దాపరికం లేదు. కూలి తీసుకొనక, పైగా విమానపు ఖర్చు తానే భరించి, పరదేశపు పల్లెలో చలికాలమంతా పనిచేసి రావాలని కోరే విద్యార్థి మన కళాశాలలో ఉంటాడని గత డిసెంబరు వరకు నేనెరుగను.

ఆ నెలలో, ఒకే వారంలో, ఇద్దరు విద్యార్థులు నా గదికి వచ్చారు. మొదటివాడు బి.ఎస్‌సి. చివరి సంవత్సరం. పరీక్షలు ముగిసిన తరువాత వచ్చే చలికాలంలో జపాను దేశపు పల్లెలో స్వచ్ఛంద సేవకుడుగా పనిచేయ తలపెట్టాడు. అందుకు యోగ్యతాపత్రం కావాలన్నాడు. రెండవవాడు బి.ఎ. రెండవ సంవత్సరం, కోసిగి వైపు పల్లెవాడు. "సార్, అమ్మానాయనతో గుంటూరుకు మిరపకాయల కోతకు పోతా ఉండాను. ఉగాది దాకా రాలేను. హాజరు తక్కువైతే పరీక్ష రాయనిస్తారా?" అని అడిగాడు. మొదటివానికి పత్రం ఆ సాయంత్రమే వ్రాసి ఇచ్చాను. రెండవవానికి ఏమి చెప్పాలో తోచలేదు. ఇద్దరూ బయలుదేరదలచినది చలికాలంలోనే, ఇద్దరూ వెళ్లదలచినది పరాయివారి పొలాలకే. ఈ పోలిక నన్ను కొన్నాళ్లు విడువలేదు. జపాను పల్లెల శీతకాలాన్ని గురించి చదవడం అప్పుడు ఆరంభించాను.

మన ప్రాంతపు విద్యావంతులు జపాను వైపు చూడడం ఇది మొదటిసారి కాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు, హైదరాబాదు సంస్థాన విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ 1922లో ఆ దేశానికి వెళ్లి, అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి, 1923లో నిజాం ప్రభుత్వానికి సమగ్రమైన నివేదిక సమర్పించారు. స్వభాషలో ఉన్నత విద్య సాధ్యమని నమ్మిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికి పసిబిడ్డ. ఇక మన ముంగిట ఉన్న కర్నూలు–కడప కాలువ సంగతి అందరూ ఎరిగినదే. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వనారంభించి, 1882లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్న ఆ కాలువను ఆధునికీకరించుటకు 1996లో ఋణమిచ్చినది జపాను ప్రభుత్వమే. సుంకేసుల నీళ్లు తాగిన వరిమడికి జపానుతో ఆ మేరకు బంధుత్వం ఉన్నదన్నమాట.

ముందు ఆ దేశపు చలికాలాన్ని అర్థం చేసుకోవాలి. భూగోళ శాస్త్రం చదివే విద్యార్థులు ఇచ్చట కొంత నిలువదగును. నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రపు తేమను మోసుకొనివచ్చి సహ్యాద్రి పడమటి ముఖాన వర్షించి, కొండలు దాటి మన వైపు వచ్చేసరికి చాలవరకు వట్టిపోతాయి. అందుకే మనది వానచాటు నేల. జపానులో ఇదే నాటకం శీతకాలంలో మంచుతో జరుగుతుంది. సైబీరియా నుండి వీచే శీతల పవనం జపాను సముద్రం మీదుగా వస్తూ, అచ్చటి వెచ్చని ప్రవాహం నుండి తేమను గ్రహించి, దేశం నడుమ ఉన్న పర్వతాలను ఢీకొని, నీగాతా, యమగాతా, అకితా వంటి పశ్చిమ తీర ప్రాంతాల మీద మంచుగా రాలుతుంది. కొండలు దాటిన గాలి తూర్పున ఎండుగాలియై వీస్తుంది. నీగాతా రాష్ట్రంలోని తకదా పట్టణంలో 1945 ఫిబ్రవరిలో 377 సెంటీమీటర్ల మంచు పేరుకొన్నట్లు లెక్క ఉన్నది. అంటే ఇద్దరు మనుషుల నిలువెత్తు దాటినదన్నమాట. 1962లో ఆ ప్రభుత్వం అధిక హిమపాత ప్రాంతాల కొరకు ప్రత్యేక శాసనమే చేసింది. దాని క్రిందికి వచ్చే నేల దేశ విస్తీర్ణంలో దాదాపు సగం.

మంచు అనగానే మనకు సినిమా పాటలో దూది పింజెలు కనబడతాయి. పల్లెవానికి కనబడేది బరువు. కొన్ని దినాలు నిలిచి గట్టిపడిన మంచు ఘనపు మీటరు మూడు వందల కిలోలకు తగ్గదు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు గల ఇంటికప్పు మీద మీటరు మందాన అది నిలిస్తే ఇరవై నాలుగు టన్నులు. రెండు మూడు లారీల సరుకు నెత్తిమీద పెట్టుకొన్నట్లే. దించకపోతే ఇల్లు కూలుతుంది. కనుక చలికాలంలో పలుమార్లు కప్పెక్కి, పారలతో మంచు దించాలి. 2005–06 శీతకాలంలో హిమపాతం వల్ల 152 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది మంచు తొలగిస్తూ జారిపడినవారో, దాని క్రింద చిక్కినవారో; అందులోనూ అధికులు అరువది ఐదు దాటిన వృద్ధులు.

డెబ్బై ఏళ్ల ముసలివాడు కప్పెందుకు ఎక్కవలసి వచ్చినది? కొడుకులు ఎక్కడికి పోయారు?

ఈ ప్రశ్నకు సమాధానం మన కర్నూలు పడమటి మండలాలవారికి వెంటనే తెలిసిపోతుంది. మంచు కురిసే నెలలలో పొలంలో పనిలేదు. ఆ కారణాన ఉత్తర జపాను రైతులు కోతలు కాగానే టోక్యో మొదలైన నగరాలకు కూలికి వెళ్లేవారు. ఈ వలసను వారు 'దెకాసెగి' అంటారు. ఇల్లు విడిచి వెళ్లి సంపాదించడం అని అర్థం. 1964 ఒలింపిక్సు కొరకు టోక్యోలో లేచిన రహదారులలో, భవనాలలో ఈ రైతుల చెమట చాలా ఉన్నది. 1970 దశకపు తొలినాళ్లలో వీరి సంఖ్య ఐదు లక్షలు దాటింది. ఊరిలో మిగిలినవారు ముగ్గురు: తాత, అవ్వ, అమ్మ. జపాను భాషలో ఆ మూడు పిలుపుల చివర 'చాన్' అనే ముద్దుమాట చేరుతుంది గనుక ఆ సేద్యానికి 'మూడు చాన్‌ల వ్యవసాయం' అని 1960 దశకంలో పేరు వచ్చింది. మంచును నెట్టుటకు వాడే వెడల్పాటి పెద్ద చేట వంటి పరికరం ఒకటి ఆ దేశంలో ఉన్నది. దానిని 'మామాసాన్ డంపు' అంటారు. తల్లులు సైతం నెట్టగలరు గనుక ఆ పేరు. ఒక పనిముట్టు పేరులో ఒక జాతి వలస చరిత్ర ఇమిడి ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

తరువాత వలస వెళ్లినవారు నగరాలలోనే నిలిచిపోయారు. నేడు ఆ దేశ జనాభాలో నూటికి ఇరవై తొమ్మిది మంది అరువది ఐదేళ్లకు పైబడినవారు. కొండపల్లెలలో ఆ పాలు సగం మించినవీ ఉన్నవి. ఒకప్పుడు అక్కడి ఊళ్లలో 'యుయి' అనే ఆచారం ఉండేది. మన రైతులు ఒకరి చేనికి ఒకరు బదులుకు పోయినట్లే, నాట్లకు, గడ్డికప్పులు వేయుటకు ఇంటికొకరు వచ్చి చేయి కలిపేవారు. చేతులే కరవైన తరువాత ఆచారం ఎట్లు నిలుస్తుంది? ఆ ఖాళీలోనికి బయటి సేవకులు వచ్చారు. 1995 జనవరి 17న కోబే భూకంపం ఆరు వేల నాలుగు వందల మందికి పైగా బలిగొన్నప్పుడు ఆ ఏడాదిలో పదమూడు లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకులు వచ్చి పనిచేశారు. ఆ సంవత్సరాన్ని స్వచ్ఛంద సేవకు తొలి సంవత్సరమని వారు చెప్పుకొంటారు. (భారతీయ వర్తకుల విరాళాలు కూడ చేరి 1935లో వెలసిన కోబే మసీదు ఆ భూకంపానికి చెక్కుచెదరలేదు.) నేడు హిమపాత ప్రాంతాలలో సెలవుదినాలకు నగర విద్యార్థులు బస్సులలో వచ్చి వృద్ధుల ఇళ్ల ముందు దారులు తీస్తున్నారు.

విదేశీయులు పనిచేయదగిన స్థలాలలో నాకు అన్నిటికంటె నచ్చినది తొచిగి రాష్ట్రంలోని ఏషియన్ రూరల్ ఇన్‌స్టిట్యూట్. దీనిని 1973లో తొషిహిరో తకామి అనే క్రైస్తవ బోధకులు స్థాపించారు. 1996లో వారికి రామన్ మెగసెసె పురస్కారం లభించింది. ఆసియా, ఆఫ్రికా దేశాల పల్లెలలో పనిచేసే కార్యకర్తలు, ఏ మతంవారైనా, ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు అక్కడ ఉండి సేంద్రియ సేద్యం నేర్చుకొంటారు. తినే అన్నం, కూరలు చాలవరకు వారే పండించుకొంటారు. అధ్యాపకుడైనా పేడ ఎత్తవలసిందే. శిక్షణార్థులు వెళ్లిపోయిన తరువాత కూడ పశువుల మేత, ఎరువుల తయారీ ఆగవు గనుక ఆ చలినెలలలో సేవకుల చేతులకు విలువ ఎక్కువ. 2011 మార్చి భూకంపంలో ఆ సంస్థ భవనాలు దెబ్బతిన్నవి, ఫుకుషిమా అణుధూళి దాని పొలాల మీద కూడ పడింది. అయినా వారు నేలను విడువలేదు.

ఆ సంస్థ ఉన్న నాసు మైదానం మన నేలకు దగ్గరి చుట్టం. కొండల చాటున ఉన్న ఎండుగాలి నేల అది. వాగుల నీరు గులకరాళ్ల పొరలలో ఇంకిపోయి తాగుటకు కూడ కరవుగా ఉండేది. 1885లో నాసు కాలువ త్రవ్విన తరువాతనే అక్కడ సేద్యం నిలదొక్కుకొన్నది. కె.సి. కాలువ గట్టున పెరిగినవానికి ఆ ఊరు పరాయిగా తోచదు.

వెళ్లదలచిన విద్యార్థులకు నాలుగు మాటలు. 1971లో ఇంగ్లండులో పుట్టిన వూఫ్ అనే పద్ధతి జపానులో కూడ ఉన్నది. రైతు ఇంట కొన్ని గంటలు పనిచేస్తే భోజనం, పడక ఇస్తారు, సొమ్ము చేతులు మారదు. సందర్శకుని వీసాతో వెళ్లి కూలి తీసుకొంటే అది నేరం. "సేవ" అని పిలిచి జీతం ఆశచూపే దళారులు ఉంటారు, కువైటు దెబ్బలు తిన్న మన ఊళ్లకు ఈ సంగతి వివరించనక్కరలేదు. కప్పు మీద ఒంటరిగా ఎక్కరాదు. తాడు, తోడు రెండూ ఉండాలి. ముస్లిం విద్యార్థులు పులుసులో పడే మిరిన్ అనే తీపి మద్యాన్ని, పంది కొవ్వును గురించి ముందే మర్యాదగా చెప్పుకోవాలి. చెప్పినవారిని వారు గౌరవిస్తారనే విన్నాను.

మొదటి విద్యార్థి ఇంకా వెళ్లలేదు. అతని తండ్రి కువైటులో కారు నడుపుతాడు. "కూలిలేని పనికి అంత దూరమా?" అని ఫోనులో అడిగాడట. టిక్కెట్టు సొమ్ము కొరకు అతడు ఇప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పుచున్నాడు. రెండవవాడు ఉగాది పోయిన నాలుగు నాళ్లకు వచ్చాడు. మిరప ఘాటుకు వేళ్లు ఇంకా మండుతున్నాయన్నాడు. అతనికి మూడు చాన్‌ల వ్యవసాయం గురించి చెప్పాను. శ్రద్ధగా విని, "వాళ్ల ఊర్లో అమ్మన్నా ఉండేది సార్. మా ఇంట్లో ఆ మూడు నెలలూ జేజి ఒక్కతే. చెల్లెలు కూడా మాతోనే వచ్చె, బడి మాని" అన్నాడు.

కళాశాల కార్యవర్గంవారికి ఒక విన్నపం. మన జాతీయ సేవా పథకపు ప్రత్యేక శిబిరం ఏటా పట్టణపు చెంతనే జరుగుతున్నది. ఈసారి దానిని ఫిబ్రవరిలో, వలస ముమ్మరంగా ఉండే దినాలలో, ఆ విద్యార్థి ఊరిలో జరుపుటకు అనుమతి కోరుచున్నాను. బడిలో మిగిలిన పిల్లలకు చదువు చెప్పడం, ఒంటరి వృద్ధులకు నీళ్లు మోయడం, పింఛను కాగితాలు వ్రాసిపెట్టడం వారం దినాల పని. బడి ప్రధానోపాధ్యాయులు రెండు గదులు ఇచ్చుటకు అంగీకరించారు. మొదటి విద్యార్థి తన పేరు ముందే వ్రాయించాడు. రాదలచిన తక్కినవారు దసరా సెలవులకు ముందు తెలుగు శాఖలో నన్ను కలువగలరు.